నట్టల మందు గొర్రెలకేనా?

(రైతు సంఘం జిల్లా శిక్షణా తరగతుల రెండో రోజు ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నిన్నంతా మీరు మద్దతు ధర, పంటల బీమా, కౌలు రైతుల గుర్తింపు కార్డుల మీద మాట్లాడుకున్నారు. ఇవాళ నాకిచ్చిన అంశం పురుగులు. పంట మీద పడేవి కాదు, కడుపులో ఉండేవి. సరిగ్గా భోజనాలకు ముందు ఈ అంశం ఎందుకు పెట్టారో నిర్వాహకుల్నే అడగండి.

ముందు ఒక లెక్క తీద్దాం. ఈ ఏడాది మీ గొర్రెలకో మేకలకో నట్టల మందు తాగించినవాళ్ళు చేతులెత్తండి. బాగుంది, జీవాలున్నవాళ్ళు దాదాపు అందరూ ఎత్తారు. ఇప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళు, అంటే మీరు, మీ ఇంటి ఆడవాళ్ళు, నులిపురుగుల బిళ్ళ వేసుకున్నవాళ్ళు ఎత్తండి. మూడు చేతులు. అందులో ఒకరు ఆశా కార్యకర్త గారు, ఆమెను లెక్కలోంచి తీసేద్దాం.

దీనికి మిమ్మల్ని తప్పు పట్టడానికి నేను రాలేదు. గొర్రె బక్కచిక్కితే సంతలో వెయ్యి రూపాయలు తక్కువ పలుకుతుంది కాబట్టి తెలుస్తుంది. మందు తాగించమని ప్రభుత్వం కూడా చెబుతుంది, ఉచితంగా ఇస్తుంది. మనిషి బక్కచిక్కితే, నాలుగు సాళ్ళు తీయగానే ఆయాసపడితే, ఆ నష్టం ఏ పుస్తకంలోనూ ఎక్కదు. నా ఉద్యోగమంతా జీవాల నట్టలతోనే గడిచింది కాబట్టి ఈ తేడా నాకు మరీ కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

పేగుల్లో ఉండే పురుగుల్లో పొలం పనికి బాగా దగ్గరి చుట్టం కొంకిపురుగు. ఏలికపాములా పొడుగ్గా ఉండదు, మహా అయితే సెంటీమీటరు. పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగుతుంది. దీని గుడ్లు మలంతో బయటికి వస్తాయి. వెచ్చగా, తేమగా, నీడగా ఉన్న నేల దొరికితే ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. మరో వారం పది రోజులకు ఆ పిల్లపురుగుకు మనిషి చర్మంలోంచి దూరే శక్తి వస్తుంది. నేల అనుకూలిస్తే మూడు నాలుగు వారాలు అక్కడే కాచుకుని ఉంటుంది. చెప్పులేని కాలు పడితే వేళ్ళ సందుల్లోంచి లోపలికి పోతుంది. అక్కడ దురద పుడుతుంది, మనం ఒండ్రు పాచి అనుకుని కొబ్బరినూనె రాసుకుంటాం. అది మాత్రం రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, అక్కడినుంచి గొంతులోకి వచ్చి, మింగినప్పుడు పేగుల్లోకి చేరుతుంది.

ఇది చర్మం గుండా వస్తుందని చాలాకాలం ఎవరికీ తెలియదు. 1898లో ఈజిప్టులో పనిచేస్తున్న ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేతి మీద పిల్లపురుగులున్న నీటిచుక్క పొరపాటున పడింది. ఆ చోట మంట పుట్టింది. కొన్ని వారాలకు ఆయన మలంలోనే కొంకిపురుగు గుడ్లు కనపడ్డాయి. అలా బయటపడింది ఈ దారి.

ఇక్కడ ఒక మాట సరిచేయాలి. నాట్లేసే మడిలోనే ఇది అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. నీళ్ళు నిలిచిన బురదలో ఇది సరిగా బతకదు. దీనికి కావలసింది గట్టు పక్కన చెట్టు నీడ, తోటలో ఆకు రాలి తడిగా ఉన్న చోటు, ఇసుక కలిసిన వదులు మన్ను. కూలికి పోయినప్పుడు చాటు కోసం మనం వెళ్ళేది కూడా అలాంటి చోటికే. రోజూ పదిమంది అక్కడికే వెళ్తారు, అదే దారిన నడుస్తారు, చెప్పులు గట్టు మీద విడిచి మడిలో దిగినవాళ్ళు ఉత్త కాళ్ళతోనే వెళ్తారు. పురుగుకు ఇంతకంటే ఏర్పాటు ఏం కావాలి?

2014 తర్వాత ఊళ్ళలో ఇంటింటికీ మరుగుదొడ్లు కట్టారు. మంచిదే. కానీ పొద్దున ఏడింటికి ఇల్లు విడిచి సాయంత్రం దాకా చేను మీద ఉండే మనిషికి ఇంటి వెనక ఉన్న దొడ్డి ఏ పనికొస్తుంది? ఆడవాళ్ళైతే బయటికి పోవలసి వస్తుందని మంచినీళ్ళే తాగరు. ఎండాకాలం పత్తి చేలో నీళ్ళు తాగకుండా పనిచేస్తే ఏమవుతుందో ఇక్కడున్న అక్కలకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రక్తం లెక్క. కొంకిపురుగుల్లో రెండు జాతులున్నాయి. ఒక జాతి పురుగు ఒక్కోటి రోజుకు సుమారు 0.03 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది. రెండో జాతి దానికి ఐదు రెట్లు. వినడానికి చుక్క కూడా కాదు. ఒక మనిషి కడుపులో మొదటి జాతివి వంద ఉన్నాయనుకోండి. రోజుకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90. ఆడమనిషికి నెలసరిలో పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు. అంటే నెలకు రెండు నెలసరులు అదనంగా వచ్చినంత నష్టం, కడుపులో నొప్పి కూడా లేకుండా, ఎవరికీ తెలియకుండా. పురుగు ఏడాది రెండేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ బతుకుతుంది. వడ్డీ వ్యాపారి కూడా ఇంత క్రమం తప్పకుండా వసూలు చేయడు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు దేశం మొత్తం మీద 57 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. దీనికంతటికీ పురుగే కారణమని నేననను. తిండి మొదటి కారణం. రేషన్ బియ్యం, పచ్చిపులుసు తిని పనిచేసే మనిషికి ఇనుము ఎక్కడినుంచి వస్తుంది? కానీ కారే కుండలో నీళ్ళు పోస్తున్నప్పుడు చిల్లు సంగతి కూడా చూడాలి గదా. ఐరన్ బిళ్ళలు ఇస్తున్నారు. మింగించడమే గగనం అవుతోంది. మింగినదాన్ని పురుగు తాగేస్తుంటే ఆ బిళ్ళ మీద నమ్మకం కూడా పోతుంది.

మన దేశంలో 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం జరుపుతున్నారు. ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల బిళ్ళ చప్పరించి నమిలిస్తారు. రెండేళ్ళలోపు పిల్లలకు సగం. మంచి కార్యక్రమం, మీ పిల్లల్ని ఆ రోజు తప్పకుండా పంపండి. కానీ దాని వయసు 1 నుంచి 19 దాకానే. ఇరవయ్యో ఏడు రాగానే పురుగు వదిలేసి పోతుందా? ఏలికపాములు పిల్లల్లో ఎక్కువ, నిజమే. కొంకిపురుగు అలా కాదు, వయసొచ్చి మట్టిలో పనిచేసేవాళ్ళలో బాగా నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బిడ్డల్ని కనే వయసు ఆడవాళ్ళకూ, తేయాకు కోసేవాళ్ళు, గనుల్లో దిగేవాళ్ళలాంటి పెద్దలకూ ఈ మందు ఇవ్వమని చెప్పింది. మన నాటు కూలీ, కలుపు కూలీ ఆ జాబితాలోకి ఎందుకు రారు? ఆ ప్రశ్న మనం అడగాలి.

అయితే ఒక్క బిళ్ళతో పని తీరదు. ఇది ఎక్కడ తేలిందో చెబుతాను.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వందేళ్ళ కింద పరిస్థితి మనలాంటిదే. పత్తి పండించే చిన్న రైతులు, పాలికి చేసేవాళ్ళు, చెప్పుల్లేని పిల్లలు, ఇంటికి మరుగుదొడ్డి లేదు. వాళ్ళు పాలిపోయి, నీరసంగా ఉండేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు, పట్నంవాళ్ళు వాళ్ళను సోమరులనేవాళ్ళు. 1902లో ఛార్లెస్ స్టైల్స్ అనే పరాన్నజీవుల శాస్త్రవేత్త ఇదంతా కొంకిపురుగు పని అని చెబితే పత్రికలు నవ్వుతూ దానికి 'సోమరితనపు క్రిమి' అని పేరు పెట్టాయి. ఆయన ముందు పశువుల పురుగుల మీద పనిచేసినవాడు కావడం మాకు కొంచెం గర్వం. (నవ్వులు) 1909లో రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లిచ్చి ఐదేళ్ళ కార్యక్రమం పెట్టించాడు. పరీక్షిస్తే బడి పిల్లల్లో నూటికి 40 మందికి పురుగుంది. మందులు పంచారు, సభలు పెట్టారు, పిల్లలు కోలుకున్నారు, బడికి పోయారు. కానీ చాలాచోట్ల మళ్ళీ అంటుకుంది. ఎందుకంటే దొడ్డి లేని ఇల్లు అలాగే ఉంది, పాలిరైతు అప్పు అలాగే ఉంది. మరుగుదొడ్లు, చెప్పులు, నాలుగు డబ్బులు ఇళ్ళకు చేరిన తర్వాత, కొన్ని దశాబ్దాలకు గానీ పురుగు తగ్గలేదు.

మీలో అరవై దాటినవాళ్ళకు నారికురుపు గుర్తుండాలి. కాలి మీద పొక్కు లేచి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. మూరెడు కాదు, రెండు మూరల దాకా. దాన్ని లాగితే తెగి చీము పట్టేది, అందుకని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగేవాళ్ళు. దిగుడుబావిలో కాలు పెట్టి నీళ్ళు ముంచుకుంటే ఆ పురుగు తన పిల్లల్ని నీళ్ళలో వదిలేది. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాదికి మళ్ళీ కురుపు. అది లేచేది కూడా తరచు పనుల రోజుల్లోనే. ఆఫ్రికాలోని మాలి దేశంలో డోగన్ రైతులు దానికి 'ఖాళీ గాదె రోగం' అని పేరు పెట్టుకున్నారు. పేరులోనే ఆర్థికశాస్త్రమంతా ఉంది.

మన దేశంలో ఆ రోగం చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లో వచ్చింది. 2000 ఫిబ్రవరిలో దేశం దాన్నుంచి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ రోగమున్న ఏడు రాష్ట్రాల్లో ఒకటి. ఇంతకీ ఏ మందుతో పోయిందంటారు? ఏ మందూ లేదు. ఇవాళ్టికీ దానికి మందూ లేదు, టీకా లేదు. దిగుడుబావుల్లోకి దిగకుండా చేశారు, బోర్లు, చేతిపంపులు వేశారు, నీళ్ళు బట్టతో వడగట్టి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు, బావుల్లో మందు చల్లారు, కురుపు లేచిన ప్రతి మనిషినీ వెతికి పేరు రాసుకున్నారు. ప్రభుత్వం తలచుకుని ఊరూరా పని చేస్తే ఒక పురుగు దేశం విడిచి వెళ్ళిపోయింది. కాబట్టి 'మీ పల్లెటూళ్ళలో శుభ్రత లేదు, అందుకే రోగాలు' అని ఎవరైనా అధికారి అంటే, ఈ కథ ఆయనకు చెప్పండి.

ఇక నా సొంత రంగానికి వస్తాను.

యాటను కోసినప్పుడు కార్జం మీద నీటి బుడగలు మీరందరూ చూసే ఉంటారు. తెల్లగా, లోపల నీళ్ళతో, ఒక్కోసారి నిమ్మకాయంత ఉంటాయి. ఊపిరితిత్తుల మీద కూడా ఉంటాయి. ఏం చేస్తాం? ఆ ముక్క కోసి, పక్కనే తోకూపుతున్న కుక్కకు విసిరేస్తాం. కథంతా ఆ విసిరేసిన ముక్కలోనే ఉంది.

ఆ బుడగ ఒక బద్దెపురుగు పిల్ల దశ. కుక్క తింటే దాని పేగుల్లో పెద్దదవుతుంది. పెద్దదంటే మళ్ళీ మన బద్దెపురుగులా గజాల పొడవు కాదు, బియ్యపు గింజంత కూడా కష్టమే. కుక్క ఆరోగ్యంగానే ఉంటుంది, మంద కాస్తుంది, పిల్లలతో ఆడుతుంది. ఆరేడు వారాల తర్వాత దాని మలంలో గుడ్లు పడతాయి. అవి గడ్డిలో చేరితే గొర్రె తింటుంది, దానికి బుడగలొస్తాయి. కుక్క బొచ్చుకు అంటుకుని మన చేతికొచ్చినా, కూరగాయల మీద, నీళ్ళలో కలిసి మన నోట్లోకి పోయినా, మనకూ అదే బుడగ వస్తుంది. ఎక్కువగా కార్జంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. ఒక కురుమ పెద్దాయన నాకు బాగా తెలుసు. కుడిపక్క డొక్కలో బరువుగా ఉందంటే కొన్నేళ్ళపాటు గ్యాస్ బిళ్ళలు మింగించారు. చివరికి పట్నంలో స్కానింగ్ తీస్తే కార్జంలో కొబ్బరికాయంత తిత్తి. ఆపరేషన్ అయింది, మనిషి బతికాడు, మందలో సగం అమ్ముడుపోయింది. ఆ తిత్తి లోపల పగిలితే ప్రాణానికే ముప్పు, అందుకే దాన్ని చూసీ చూడక పిసకడం, సూది గుచ్చడం చేయకూడదు.

2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు కోటీ 91 లక్షలు, దేశంలో మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షలు, రెండో స్థానం. తెలంగాణలో 2017లో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో పంచారు. గొర్రెలు పెరిగితే మనకు సంతోషమే. గొర్రెతో పాటు కుక్క, కోత, వాటితో పాటు ఈ పురుగు కూడా వస్తాయి. గొర్రెకు నట్టల మందు తాగించే కార్యక్రమంలో మంద కుక్క ఎక్కడుంది? దాని మందు వేరు, ప్రాజిక్వాంటెల్ అంటారు. ఆ బిళ్ళ ధర మందలో ఒక గొర్రె ధర ముందు లెక్కలోకే రాదు. మూడు నెలలకోసారైనా మంద కుక్కలకు అది పడాలి.

ఇది సాధ్యమేనా అంటే, చేసినవాళ్ళున్నారు. ఐస్‌లాండ్ గొర్రెల దేశం. ఒకప్పుడు ఈ తిత్తుల రోగం అక్కడ విపరీతంగా ఉండేది. 1860ల్లో హరాల్డ్ క్రాబ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త రైతులకు అర్థమయ్యేలా చిన్న పుస్తకం రాస్తే ఇంటింటికీ ఉచితంగా పంచారు. తిత్తులున్న పేగులు, కార్జాలు కుక్కకు దొరకకుండా పూడ్చమని, కుక్కలకు పురుగుల మందు వేయమని చెప్పారు. తర్వాత చట్టాలూ చేశారు. కొన్ని తరాలకు రోగం పోయింది. న్యూజిలాండ్ 1959లో దీని కోసమే చట్టం చేసి, కుక్కలన్నిటికీ మందు వేయించి, 2002లో ఆ దేశం నుంచి రోగం పోయిందని ప్రకటించుకుంది. నలభై ఏళ్ళు పట్టింది. గొర్రెల కాపరుల సంఘాలు, ప్రభుత్వం కలిసి పట్టు వదలకుండా చేస్తే అయింది.

మన చేతిలో ఉన్నది మనం ఇవాళే మొదలుపెట్టొచ్చు. కోసినచోట బుడగలున్న ముక్క కుక్కకు వేయకండి. కుక్క తవ్వలేనంత లోతు గుంట తీసి పూడ్చండి, లేదా కాల్చండి. కుక్కకు పెట్టాల్సిందే అనుకుంటే ముప్పావుగంట బాగా ఉడకబెట్టి పెట్టండి. జాతరల రోజుల్లో, పెళ్ళిళ్ళలో ఈ మాట మరీ గుర్తుంచుకోండి. ఒక్క ఊళ్ళో ఒక్క రోజే వందల యాటలు తెగుతాయి.

మందు సంగతి వచ్చింది కాబట్టి పక్కదారిలో రెండు మాటలు. నట్టల మందు తాగించేటప్పుడు గొర్రె బరువు కంటి చూపుతో తక్కువ కట్టి, తక్కువ మోతాదు పోస్తారు. అదే మందు ఏళ్ళ తరబడి పోస్తారు. చావని పురుగులే సంతానం కంటాయి, చివరికి మందు పనిచేయదు. బరువు తూచండి, డాక్టరును అడిగి మందు మార్చండి. ఇంకోటి, గొర్రెల సీసాలోది మనుషులు తాగొద్దు. పేరు ఒకటే గదా అని తాగినవాళ్ళను చూశాను. గర్భిణులు మొదటి మూడు నెలలు మనుషుల బిళ్ళ కూడా వేసుకోకూడదు, ఏఎన్ఎమ్మును అడిగాకే వేసుకోవాలి.

పంది బద్దెపురుగు గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. ఉడకని పంది మాంసం తిన్నవాళ్ళ పేగుల్లో పురుగు పెరుగుతుంది. అంతవరకు అందరికీ తెలుసు. తెలియనిదేమిటంటే, ఆ మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారా, కూరగాయల ద్వారా ఇంకొకరి నోట్లోకి పోతే వాళ్ళ మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలొస్తాయి. కాబట్టి జన్మలో పంది మాంసం ముట్టనివాళ్ళకూ వస్తుంది. ఈ పురుగున్న చాలా ప్రాంతాల్లో మూర్ఛ రోగుల్లో 30 శాతం మందికి కారణం ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఊళ్ళలో మూర్ఛ వస్తే గాలి సోకిందంటారు, ఆడపిల్లయితే పెళ్ళి ఆగిపోతుంది. స్కానింగ్ తీయించి మందులు వాడితే చాలామందికి తగ్గుతుంది. ఇక కొన్నిచోట్ల సెప్టిక్ ట్యాంకు బండ్లు రాత్రిపూట తెచ్చి కూరగాయల చేలల్లో వదులుతున్నాయి. ఎరువు ఊరికే వస్తుందని ఒప్పుకోకండి. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. రెండు గుంతల దొడ్డిలో నిండిన గుంతను మూసేసి రెండేళ్ళు ఆగి తీస్తే అది వేరు, అప్పుడది మంచి ఎరువే.

1951లోనే తోటల కార్మికుల చట్టంలో తేయాకు, కాఫీ తోటల్లో పనిచేసేవాళ్ళకు మరుగుదొడ్లు ఉండాలని రాశారు. 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచోట మంచినీళ్ళు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె రాశారు, మరుగుదొడ్డి మాట రాయలేదు. మామూలు చేను మీద కూలీకైతే ఏదీ లేదు. మన సంఘం కోర్కెల పత్రంలో ఈ మాట చేరాలని నా విన్నపం. నాట్ల కాలంలో, పత్తి తీసే కాలంలో ఊరి పొలాల మధ్య రెండు మూడు చోట్ల పంచాయతీ కట్టించే మరుగుదొడ్లు, నీళ్ళు, సబ్బు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వ్యవసాయ కూలీలైన పెద్దవాళ్ళకు మల పరీక్ష, బిళ్ళ. నట్టల మందు పంచేరోజే మంద కుక్కలకూ మందు. పెద్ద ఊళ్ళలో, సంతల్లో గుంటతో సహా కోత దిమ్మె. ఖాళీగా ఉన్న పశువైద్యుల పోస్టుల భర్తీ, దీన్ని నేను రిటైరైన మనిషిగా కాదు, మీ తరఫునే అడుగుతున్నాను.

కార్యదర్శి గారు తీర్మానం ముసాయిదా రాసిపెట్టారు. దానికి ముందు ప్రతి గ్రామ కమిటీ వచ్చే నెల సమావేశానికి మూడు సంగతులు రాసుకుని రండి. మీ ఊరి పొలాల్లో పనివాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారు, కోసిన యాట పేగులు ఎక్కడ పడుతున్నాయి, మీ ఊళ్ళో ఈ ఏడాది రక్త పరీక్ష చేయించుకున్న ఆడవాళ్ళు ఎంతమంది. మొదటి ప్రశ్న మగవాళ్ళు ఆడవాళ్ళను అడిగితే జవాబు రాదు, అది ఇక్కడికొచ్చిన అక్కలే చూసుకోవాలి. ఇప్పుడు మీరేమైనా అడగాలనుకుంటే అడగండి.